ఊపిరి ఒక అమానత్



పోయిన వారం గుంటూరు నుంచి ఒక ఖాలా ఫోన్ చేశారు. ఎవరో చుట్టాల దగ్గర నా నంబర్ తీసుకున్నారట. వాళ్లబ్బాయి డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో ఉన్నాడు. స్కూబా డైవింగ్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్ అవుతానని, అండమాన్ పోతానని పట్టుపట్టి కూర్చున్నాడట. సలాం, ఖైరియత్ అయ్యాక ఆవిడ సూటిగా మూడు మాటలు అడిగారు.

"బేటా, ఆ కమాయి హలాలేనా? నెలకి ఎంత మిగులుద్ది? ఆ పని చేసేవాడికి ఎవరైనా పిల్లనిస్తారా?"

అప్పుడు నేను జెట్టీ మీద ఉన్నాను. బోటు కదలబోతోంది. ఏదో రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను. రాత్రి ఇషా చదివి పడుకున్నాక ఆ మూడు ప్రశ్నలూ నిద్రపోనివ్వలేదు. నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు మా అమ్మీ కూడా ఇవే అడిగింది. ఇలా అడిగే ఇళ్లు ఇంకా ఉంటాయి కాబట్టి ఈసారి తీరుబడిగా జవాబు రాస్తున్నాను.

ముందు పనేంటో చెప్తాను. చాలామంది దీన్ని ఈత అనుకుంటారు. కాదు. వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని, నోట్లో రెగ్యులేటర్ పెట్టుకుని, నీళ్ల అడుగున ఊపిరి తీసుకోవడం. నేనుండేది హేవ్‌లాక్ దీవిలో. 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ జనం నోట్లో ఇంకా హేవ్‌లాకే. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫెర్రీలో రావచ్చు. ఇక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది జిందగీలో మొదటిసారి సముద్రంలో తల ముంచేవాళ్లు. ఈత రానివాళ్లు కూడా వస్తారు. వాళ్లకి ఒడ్డున విషయం చెప్పి, ఛాతీలోతు నీళ్లలో సాధన చేయించి, తర్వాత లోపలికి తీసుకెళ్తాం. ఆ మొదటి డైవ్‌లో 12 మీటర్లు దాటకూడదు. పద్ధతిగా నేర్చుకోవాలంటే మూడు నాలుగు రోజుల ఓపెన్ వాటర్ కోర్సు ఉంది. అది పాసైతే 18 మీటర్ల దాకా పోవచ్చు.

ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఒక చిన్న లెక్క. మనం భూమ్మీద నిలబడితే మీదున్న గాలి ఎంత ఒత్తుతుందో, సముద్రంలో ప్రతి 10 మీటర్లకీ అంత ఒత్తిడి అదనంగా పడుతుంది. పైన ఊదిన బెలూన్‌ని 10 మీటర్ల కిందికి తీసుకుపోతే సగమైపోతుంది. అదే అక్కడ కింద నిండుగా ఊదిన బెలూన్ పైకొచ్చేసరికి రెండింతలవుతుంది. మన ఛాతీలో ఉన్నవీ అలాంటి బెలూన్లే. కింద గాలి పీల్చి, ఖౌఫ్‌తో ఊపిరి బిగబట్టి పైకి ఎగబాకితే ఊపిరితిత్తి చిరిగిపోవచ్చు. అందుకే మేం చెప్పే మొట్టమొదటి మాట 'ఊపిరి బిగబట్టకు'. చిక్కేంటంటే, భయపడ్డ మనిషి చేసే మొట్టమొదటి పని ఊపిరి బిగబట్టడమే. కాబట్టి నా పని సగం సముద్రంతో, సగం మనుషుల భయంతో.

కింద మాటలుండవు. అన్నీ చేతి సైగలే. బొటనవేలు పైకెత్తితే 'బాగుంది' అని కాదు, 'పైకి పోదాం' అని అర్థం. ఎంత చెప్పినా మొదటిరోజు నలుగురిలో ఒకరు చేపని చూసిన ఖుషీలో బొటనవేలు ఎత్తుతారు. మేం వెంటనే పైకి తీసుకొస్తాం. పైకొచ్చాక "ఎందుకు తెచ్చావ్ భయ్యా" అని అలుగుతారు.

ఇక నేను ఇందులోకి ఎట్లా వచ్చానో. మా అబ్బాది విశాఖపట్నంలో పంచర్ షాపు. పోర్టు లారీలు తిరిగే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, ఒక పాత కంప్రెషర్, ట్యూబుల్ని ముంచి చూసే నీళ్ల తొట్టి. 'పంచర్‌వాలా' అనే మాటని మన కౌమ్ మీద గాలిగా (దక్కనీలో గాలీ అంటే తిట్టు, మీకు తెలుసు) వాడేవాళ్లున్నారు. మా ముగ్గురు పిల్లల ఫీజులు ఆ షెడ్డులోనే పుట్టాయి. స్కూల్ నుంచి రాగానే సంచీ పడేసి నేను కంప్రెషర్ దగ్గర కూర్చునేవాణ్ణి.

పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ అని ఒక పేట ఉంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి చేపల వేటకి వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. మా ఖాలూకి అక్కడ చిన్న వ్యాపారం. ఇంటర్ తప్పాక ఆయన దగ్గరికి పొమ్మని అబ్బా ఓడ ఎక్కించారు. విశాఖ నుంచి రెండున్నర రోజుల ప్రయాణం. దారి పొడుగునా వాంతులు చేసుకున్నాను. ఖాలూ నన్ను తెలిసినవాళ్ల డైవ్ సెంటర్‌లో చేర్పించారు, సిలిండర్లు మోయడానికి. నిండు సిలిండర్ బాగా బరువుంటుంది. రోజుకి నలభై, యాభై ఎత్తి దించేవాణ్ణి.

ఒకరోజు అక్కడి కంప్రెషర్ శబ్దం తేడాగా వచ్చింది. వాల్వ్ పోయిందని నేను చెప్తే ఎవరూ నమ్మలేదు. విప్పి చూస్తే అదే. అప్పటి నుంచి గాలి నింపే పని నాది. ఆ రాత్రి అబ్బాకి ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను.

"మనం బైక్ టైరుకి 30 పెడతాం, లారీ టైరుకి 110 దాకా పెడతాం. మీ సిలిండర్లో ఎంత పెడతారు?" అన్నారు.

"200 బార్ అబ్బా. మన లెక్కలో దాదాపు 3000."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "యా అల్లాహ్" అన్నారు. "చూసుకో బేటా. మన గాలి టైర్లోకి పోద్ది. నీ గాలి మనిషిలోకి పోద్ది."

అబ్బా ఆ మాట అన్నాక నేను రోజూ ముందు చూసేది ఒకటే, కంప్రెషర్ గాలి లాగే గొట్టం ఎటు తిరిగి ఉందో. ఇంజన్ పొగ అందులోకి పోతే పైన ఎవరికీ తెలియదు. కింద దాన్ని పీల్చినవాడికి తల తిరిగి స్పృహ పోతుంది.

ఇప్పుడు ఖాలా రెండో ప్రశ్న, డబ్బు. అది ముందు తేల్చేస్తాను.

ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే మెట్లున్నాయి. ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్, రెస్క్యూ, డైవ్‌మాస్టర్, ఆ తర్వాత ఇన్‌స్ట్రక్టర్ పరీక్ష. దానికి లాగ్ పుస్తకంలో కనీసం 100 డైవ్‌లు రాసి ఉండాలి. ప్రథమ చికిత్స నేర్పే అర్హత కూడా తెచ్చుకోవాలి. అన్నీ కలిపి ఖర్చు లక్షల్లోకి పోతుంది. సొంత సామాను వేరే. మాస్క్, ఫిన్స్, రెగ్యులేటర్, చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్. పాసయ్యాక కూడా ఏటా మెంబర్‌షిప్ ఫీజు, ఇన్సూరెన్స్ కట్టుకోవాలి. నాకు జీతంలోంచి కోత పెట్టి కొన్ని కోర్సులు చేయించారు. మిగతాదానికి అమ్మీ గాజులు రెండు పోయాయి. విడిపించడానికి నాలుగేళ్లు పట్టింది.

తర్వాత కమాయి. చిన్న జీతం, దానిమీద ఎంతమందిని దింపితే అంత కమీషన్. సీజన్ అక్టోబర్ నుంచి మే దాకా. డిసెంబర్, జనవరిలో రోజుకి మూడు నాలుగు డైవ్‌లు పడతాయి. ఆ రెండు నెలలు చేతిలో డబ్బు ఆడుతుంది. వానలు మొదలైతే సముద్రం మురికిగా, కోపంగా ఉంటుంది. బోట్లు సరిగా పోవు. ఆ నాలుగు నెలలు దాచుకున్నదే తినాలి. చెవిలో ఇన్ఫెక్షన్ వస్తే, జలుబు చేసి ముక్కు మూసుకుపోతే దిగడానికి లేదు. దిగకపోతే కమీషన్ లేదు. నాకు తెలిసినవాళ్లలో ఐదేళ్లు దాటి నిలిచినవాళ్లు తక్కువ. నిలిచినవాళ్లు కొందరు ఫుజైరా, జెద్దా, మాల్దీవుల వైపు వెళ్లారు. మనవాళ్లు గల్ఫ్‌కి డ్రైవర్లుగా, ఏసీ మెకానిక్కులుగా పోయినట్టే ఈ పనిమీదా పోవచ్చు. ఇంగ్లిష్ బాగా రావాలి.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఒక్క టూరిస్టు లేడు. నేను విశాఖ వచ్చేసి అబ్బా షెడ్డులో కూర్చున్నాను. ఇన్‌స్ట్రక్టర్ కార్డు పర్సులో పెట్టుకుని పంచర్లు వేశాను. షెడ్డు ఆ రోజుల్లో ఇల్లు నడిపింది. ఎవరైనా అబ్బాయి ఈ పనిలోకి వస్తానంటే నేను ముందు అడిగేది అందుకే, చేతిలో రెండో హునర్ ఏముందని.

ఇక మొదటి ప్రశ్న. హలాలేనా?

నేను ఆలిమ్‌ని కాదు. మస్అలా కావాలంటే మీ మస్జిద్‌లో హజ్రత్‌ని అడగండి. నేను ఎట్లా చేసుకొస్తున్నానో మాత్రం చెప్తాను. ఫజర్ చదివి సిలిండర్లు బోటెక్కిస్తాను. జుహర్ ఎక్కువగా బోటు మీదే. డైవింగ్ కంపాస్ ఎప్పుడూ దగ్గరే ఉంటుంది కాబట్టి ఖిబ్లా వెతుక్కోనక్కర్లేదు. ఇక్కడి నుంచి పడమరకి కాస్త ఉత్తరంగా. అల ఎక్కువుంటే కూర్చునే చదువుతాను. పర్దా పాటించే బహెన్‌లు వస్తే మా దగ్గరున్న ఆడ ఇన్‌స్ట్రక్టర్లకి అప్పగిస్తాను. వెట్‌సూట్ మెడ నుంచి చీలమండ దాకా ఉంటుంది, తలకి హుడ్ కూడా ఉంది. ఆడ ఇన్‌స్ట్రక్టర్ లేనప్పుడు సిలిండర్ పైభాగం పట్టుకుని నడిపిస్తాను. కింద ప్రాణం మీదికొస్తే మాత్రం చెయ్యి పట్టుకుంటాను, ఆలోచించను.

రంజాన్ కష్టం. సిలిండర్ గాలి పొడిగా ఉంటుంది, నోరు ఎండిపోతుంది. ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో నైట్రోజన్ బుడగలు కట్టే జబ్బుకి అవకాశం పెరుగుతుందని మాకు నేర్పారు. రెగ్యులేటర్ పక్కనుంచి ఉప్పునీళ్లు నోట్లోకి వస్తూనే ఉంటాయి. అందుకని రోజా ఉన్న నెల నేను దిగను. ఒడ్డున క్లాసులు చెప్తాను, గాలి నింపుతాను. ఆ నెల కమాయి సగం. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకి జరుగుతోంది. అంటే ఇంకొన్నేళ్లలో సరిగ్గా పీక్ సీజన్‌లోకి వస్తుంది. 2030లోనైతే జనవరిలో ఒకసారి, డిసెంబర్ ఆఖర్లో ఇంకోసారి మొదలవుతుంది. రిజ్క్ ఇచ్చేవాడు అల్లాహ్. లెక్క మాత్రం ఇప్పటి నుంచే వేసుకుంటున్నాను.

కానీ ఖాలా, హలాలేనా అని మీరు అడిగినప్పుడు నాకు గుర్తొచ్చింది ఇవేవీ కాదు. ఒక మనిషి గుర్తొచ్చాడు.

మూడేళ్ల కిందట, డిసెంబర్ ఆఖరి వారం. హైదరాబాద్ నుంచి నలుగురి కుటుంబం. తండ్రికి నలభై దాటి ఉంటాయి, సరదా మనిషి. డైవ్‌కి ముందు ఒక ఆరోగ్య ఫారం నింపాలి. ఆస్తమా ఉందా, గుండె జబ్బు ఉందా, ఆపరేషన్లు అయ్యాయా అని అడుగుతుంది. ఆయన అన్నిటికీ 'లేదు' అని టిక్కు పెట్టాడు. బట్టలు మార్చుకునేటప్పుడు సంచీలోంచి ఇన్‌హేలర్ జారి నా కాళ్ల దగ్గర పడింది.

"అదెప్పుడో చిన్నప్పటిది తమ్ముడూ. దగ్గరుంటే ధైర్యమని పెట్టుకుంటా" అన్నాడు.

బెలూన్ లెక్క చెప్పాను కదా. ఆస్తమా ఉన్నవాడికి కింద గాలిగొట్టాలు ముడుచుకుంటే లోపల చిక్కిన గాలి పైకొచ్చేటప్పుడు బయటికి రాదు. ఊపిరి బిగబట్టకపోయినా బిగబట్టినట్టే. "డాక్టర్‌కి చూపించి కాగితం తెండి, రేపు పొద్దున నేనే దింపుతా" అన్నాను. వాళ్లకి రేపు పొద్దున ఫెర్రీ. పిల్లలు ఏడుపు మొహం పెట్టారు. మేనేజర్ నన్ను పక్కకి పిలిచాడు.

"ఫారంలో లేదు అని ఉంది కదా. నువ్వు ఇన్‌హేలర్ చూడలేదనుకో."

"చూశాను కదా" అన్నాను.

నలుగురినీ నా దగ్గర్నుంచి తీసేసి వేరేవాళ్లకి ఇచ్చారు. నేను అదే బోటులో సిలిండర్లు అందిస్తూ కూర్చున్నాను. ఇప్పుడు రాసేది రాయడానికి షర్మ్‌గా ఉంది. ఆయన నీళ్లలోకి దిగాక, ఆ అరగంటలో నా దిల్‌లో ఒక మూల ఆయనకి ఏదో ఒకటి కావాలని ఉంది. పెద్దదేం కాదు. దగ్గో, ఆయాసమో. నేను చెప్పింది నిజమని అందరికీ తెలిసేంత. నాకే తెలిసి నేనే అస్తగ్‌ఫిరుల్లాహ్ అనుకున్నాను. అయినా ఆ కోరిక పోలేదు.

ఆయన నవ్వుతూ పైకొచ్చాడు. మాస్క్ తీసి నావైపే చూసి బొటనవేలు ఎత్తాడు. దింపిన ఇన్‌స్ట్రక్టర్‌కి రెండు వేలు ఇనామ్ ఇచ్చాడు. ఆ తర్వాత వారం రోజులు బోర్డు మీద నా పేరు కింద మనుషులు రాలేదు. ఏడాది మొత్తంలో అన్నం పెట్టే వారం అది.

రాత్రి అబ్బాకి ఫోన్ చేసి కక్కేశాను. ఆ చెడ్డ కోరిక సంగతి కూడా చెప్పాను. అబ్బా విని, లారీ గుర్తుందా అన్నారు.

నాకు గుర్తుంది. నా పదో క్లాసప్పుడు సిమెంట్ లోడుతో ఒక లారీ వచ్చింది. టైరు పక్కగోడ లోపలి దారాలు కనపడేలా తెగి ఉంది. ప్యాచ్ వెయ్యను, టైరు మార్చు అన్నారు అబ్బా. డ్రైవర్ బూతులు తిట్టి పక్క షాపుకి పోయాడు. పక్క షాపువాడు వేసిచ్చాడు. వారం తర్వాత అదే లారీ, అదే టైరుతో మా షెడ్డు ముందు ఆగి, హారన్ కొట్టి, వాడు నవ్వుకుంటూ పోయాడు.

"మీకు కోపం రాలేదా అబ్బా?"

"రాకేం? రెండు రోజులు అన్నం సహించలేదు. తర్వాత అనుకున్నా, వాడు లారీ కదిలించేటప్పుడు నేను ఏం దువా చేశాను? యా అల్లాహ్, వీణ్ణి ఖైరియత్‌గా చేర్చు అన్నాను. చేర్చాడు. ఇక కోపం దేనికి?" కాసేపాగి అన్నారు. "బేటా, ఆ టైరు పేలుద్దని నాకు తెలీదు. పేలదనీ తెలీదు. తెలీనప్పుడు ఆపడమే మన పని. మనది నిజమయిందా అబద్ధమయిందా అని కూర్చుని చూడటం మన పని కాదు."

ఖాలా, ఈ కమాయిలో హలాల్, హరామ్ నాకు అక్కడ కనపడ్డాయి. మేం తలకింత అని తీసుకుంటాం. ఎంతమందిని 'పద' అంటే అంత రోటీ. ఎవరినైనా 'వద్దు' అన్నామంటే మా పళ్లెంలోంచే పోతుంది. రాత్రి తాగి పొద్దున్నే వాసనతో వచ్చేవాళ్లుంటారు. డైవ్ చేసిన మర్నాడు పొద్దున్నే విమానం ఎక్కుతామని దాచేవాళ్లుంటారు. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, రోజుల తరబడి చేస్తే 18 గంటలు ఆగాలని చెప్తే బేరమాడేవాళ్లుంటారు. కింద 12 మీటర్లలో ఆ మనిషికి నేను తప్ప ఎవరూ లేరు. తన ఊపిరి తెచ్చి నా చేతిలో పెట్టాడు. అది అమానత్. అమానత్ అని తెలిసీ కమీషన్ కోసం కళ్లు మూసుకుంటే, ఆ రోజు తెచ్చిన బియ్యం నా పిల్లలకి ఎట్లా పెట్టను?

మిగిలింది పెళ్లి. రెండు రిష్తాలు తప్పిపోయాయి. ఒకరు "లడ్కా క్యా కర్తా?" అని అడిగి జవాబు విని, "డుబాతా క్యా లోగోంకు?" అని నవ్వారు. జనాన్ని ముంచుతాడా అని. ఇంకొకరికి ఎనిమిది నెలల కమాయి నచ్చలేదు. అందులో వాళ్ల తప్పేం లేదు. మూడోది రాజమండ్రి. పిల్ల తండ్రి జీతం అడగలేదు. "నువ్వు లోపలికి తీసుకెళ్లినవాళ్లందరూ తిరిగొచ్చారా?" అన్నారు.

"ఇప్పటిదాకా, అల్‌హందులిల్లాహ్" అన్నాను.

ఆయన 'ఇప్పటిదాకా' అనే మాట విని తలూపారు. నిఖా అయింది. ఇద్దరు పిల్లలు. వానాకాలం నాలుగు నెలలు వాళ్ల దగ్గరుంటాను, షెడ్డులో కూర్చుంటాను. అబ్బాకి ఇప్పుడు మోకాళ్లు బాగోలేవు.

ఈ పొద్దున గుంటూరు ఖాలాకి మళ్లీ ఫోన్ చేశాను. ముందే లక్షలు కట్టొద్దని చెప్పాను. ఒక సీజన్ పంపండి, సిలిండర్లు మొయ్యనివ్వండి, గాలి నింపనివ్వండి, అప్పటికీ మనసుంటే కోర్సులు చూద్దాం అన్నాను. నేనుండే చోట ఇంకొకడికి చాప వేసే జాగా ఉందని కూడా చెప్పాను. ఆఖర్న, "డబ్బు కట్టి ఎదురుగా నిలబడ్డ మనిషికి వద్దు అని చెప్పగలడా వాడు?" అని అడిగాను.

ఖాలా నవ్వారు. "నాకు తప్ప ఎవరికీ వద్దని చెప్పలేడు బేటా."

"నేర్చుకుంటాడు ఖాలా. నేనూ అట్లాగే ఉండేవాణ్ణి" అన్నాను.

అక్టోబర్ ఓడలో వస్తున్నాడు. వాంతుల మాత్రలు తెచ్చుకోమన్నాను. దువాలో మా ఇద్దర్నీ యాద్ చేసుకోండి.